చేప లేని చోట కూడా వల

అలాస్కా పక్కన బేరింగ్ సముద్రంలో ఏటా వేసవిలో ఒక వింత వేట జరుగుతుంది. సముద్రం మ్యాపు మీద నిలువునా అడ్డంగా 20 నాటికల్ మైళ్లకో (ఒక నాటికల్ మైలు అంటే సుమారు 1.85 కిలోమీటర్లు) గీత గీసి గళ్లు చేసి పెట్టుకున్నారు. చాలా ఏళ్ల పాటు వల వేయాల్సిన చోట్లు మొత్తం 376. అద్దెకు తీసుకున్న రెండు మరబోట్లు ఒక్కో చోటికీ వెళ్లి వల దించి, 3 నాట్ల వేగంతో, అంటే గంటకు 3 నాటికల్ మైళ్ల చొప్పున, అరగంట లాగి, పైకి తీస్తాయి. పక్కనే చేప దండిగా ఉందని తెలిసినా అటు తిరగరు. పోయినేడు ఇక్కడ ఏమీ పడలేదు కదా అని ఈ ఏడు మానేయరు. విశాఖ హార్బర్‌లో ఏ సరంగైనా ఇలా వేట చేస్తే ఓనరు మర్నాడే లెక్క తేల్చి ఇంటికి పంపేస్తాడు.

వాళ్లు వెళ్లింది చేపలు పట్టడానికి కాదు, లెక్కపెట్టడానికి. అమెరికా సముద్ర సంస్థ నోవా 1982 నుంచి ఇక్కడ ఒకే రకం వలతో, ఒకే పద్ధతిలో ఈ సర్వే చేస్తోంది. వల పేరు 83-112. పై తాడు 83 అడుగులు, కింది తాడు 112 అడుగులు. పేరులో ఉన్నది అంతే. నీళ్లలో రెండు పక్కలా ఇనుప తలుపులు దాని నోరు విప్పి ఉంచుతాయి. ఎంత వెడల్పు విచ్చుకుందో, నేలకు ఆనిందో లేదో వలకు కట్టిన సెన్సర్లు రాసుకుంటాయి.

వల పైకొచ్చాక పడినవన్నీ బల్ల మీద కుమ్మరించి జాతులవారీగా ఏరతారు, తూస్తారు, పొడవు కొలుస్తారు. కొన్ని చేపల తల కోసి చెవి రాళ్లు తీస్తారు. గొరక చేప తల ఎప్పుడైనా కోసి ఉంటే మీకు ఆ తెల్లటి రాళ్లు తెలిసే ఉంటాయి. చెట్టు మానులో ఉన్నట్టే వాటిలోనూ ఏడాదికో వలయం ఉంటుంది. చేప వయసు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. అరగంటలో బోటు వెళ్లేది ఒకటిన్నర నాటికల్ మైళ్లు. వల వెడల్పు సుమారు 17 మీటర్లు. అంటే ఒక్కసారికి ఊడ్చేది దాదాపు పన్నెండెకరాల నేల. ఒక గడి విస్తీర్ణమేమో మూడు లక్షల ముప్పై తొమ్మిది వేల ఎకరాలు! అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. సముద్రం అలా కాదు. చేప ఒకచోట గుంపు కడుతుంది, మరోచోట అసలుండదు. అందుకే అన్ని చోట్లా వల వేయాలి, ఖాళీగా వచ్చిన వలను కూడా సున్నా అని రాసుకోవాలి. నా మటుకు, ఈ సర్వేలో అన్నిటికంటే విలువైన అంకె ఆ సున్నాయే.

దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ చూసింది. 1980లలో అక్కడి పెద్ద ట్రాలర్లకు కాడ్ చేప బాగానే పడేది. గంటకు ఎంత పడుతోందన్న ఆ లెక్కను నమ్ముకుని నిల్వలు దిట్టంగా ఉన్నాయనుకున్నారు. తీరం దగ్గర చిన్న పడవల వాళ్లు చేప తగ్గిందని మొత్తుకుంటూనే ఉన్నారు. నిజంగానే మంద కరిగిపోతోంది. మిగిలిన చేప కొద్ది చోట్ల గుంపులుగా చేరింది, ట్రాలర్లు సరిగ్గా అక్కడికే వెళ్లాయి. చివరి గుంపు దాకా వలలు నిండుగానే వస్తాయి మరి. 1992 జూలై 2న ప్రభుత్వం వేట ఆపేసింది. సుమారు 30 వేల మందికి పని పోయింది. ఆ నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2024లో.

మన దేశంలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఒడ్డుకు వచ్చిన చేపను రేవుల్లో శాంపిల్ తీసి లెక్క కడుతుంది. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా సొంత నౌకలతో వల వేసి చూస్తుంది. విశాఖలోనూ దానికి కేంద్రం ఉంది. మొదటిది మనం ఎంత తెచ్చామో చెబుతుంది, రెండోది నీళ్లలో ఏముందో. రెండూ కావాలి.

వలకు చిక్కకుండా పైనుంచి, కిందనుంచి తప్పించుకునే చేపలు ఎప్పుడూ ఉంటాయి. వందలో అరవై పడ్డా ఫర్వాలేదు, నలభై పడ్డా ఫర్వాలేదు; ఏటా అదే వంతు పడాలి. తాడు కాస్త తేడా వచ్చినా గొడవే. అమెరికా తూర్పు తీరంలో వుడ్స్ హోల్ మత్స్య పరిశోధన కేంద్రం 1963 నుంచి సర్వే చేస్తోంది. వలను లాగే రెండు ఇనుప తాళ్ల మీద గుర్తులు సరిగా కొలిచి పెట్టలేదని, ఒక పక్క తాడు ఎక్కువ జారుతోందని 2002లో బయటపడింది. అప్పటికి అలా ఎనిమిది సర్వేలు అయిపోయాయి. ఎంత చేప పట్టుకోవచ్చన్న తమ కోటాలు ఈ లెక్కల మీదే తేలతాయి కాబట్టి జాలర్లు మండిపడి, వాటర్‌గేట్ కుంభకోణాన్ని గుర్తుచేస్తూ దానికి ‘ట్రాల్‌గేట్’ అని పేరు పెట్టారు. తర్వాత అక్కడ పాత నౌకను మార్చాల్సి వస్తే, 2008లో పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే ఆరు వందలకు పైగా సార్లు వల లాగించి, పాత లెక్క కొత్త లెక్కలో ఎంతవుతుందో చూసుకున్నారు.

ఇంత పట్టుదలగా సాగిన బేరింగ్ సర్వే 2020లో కోవిడ్ వల్ల ఆగింది. అంతకుముందు 2018లో స్నో క్రాబ్ పీతలు ఎన్నడూ లేనంతగా పడ్డాయి. 2021లో మళ్లీ వెళ్లి చూస్తే పీత దాదాపు మాయం. వందల కోట్ల పీతలు లేవు. ఉత్తరానికి పోయాయా, లోతుకు దిగాయా అని వెతికారు; అన్ని పీతలు ఎక్కడా కనబడలేదు. 2022 అక్టోబరులో, చరిత్రలో మొదటిసారి, అక్కడ స్నో క్రాబ్ వేట మూసేశారు. మరుసటి ఏడాది వచ్చిన పరిశోధన ఆకలి చావుల వైపు వేలు చూపింది. సముద్రం అడుగు నీళ్లు సున్నా నుంచి 3 డిగ్రీలకు వేడెక్కితే పీతకు తిండి దాదాపు రెట్టింపు కావాలి. అన్ని పీతలకు అంత తిండి ఎక్కడిది?

పీతలు విరగబడి పడ్డ ఆ 2018లోనే, అంతే సైజు పీత అంతకుముందు ఏడాది కంటే తేలిగ్గా తూగింది. ఆ బరువులు సర్వే బోటులో తూచి రాసుకున్నవే.