సర్కిల్ గీత దాటిన ఫోను: సరిహద్దు తెలుగువారి రోమింగ్ భారం వెనుక కథ

ఒడిశాలోని పర్లాకిమిడి, శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం పక్కపక్క ఊళ్లే. రెండు చోట్లా తెలుగు వినిపిస్తుంది, వియ్యాలూ వ్యాపారాలూ కలిసే ఉంటాయి. అయినా పదేళ్ల కిందటి వరకు పర్లాకిమిడిలో తీసుకున్న సిమ్ పాతపట్నంలో మోగితే, మామూలు ప్లానులో వచ్చిన కాల్‌కు కూడా రోమింగ్ రుసుము పడేది. సరిహద్దు దగ్గర ఇంట్లోనే కూర్చున్నా ఫోను పక్క రాష్ట్రపు టవరును అందుకుంటే ఖాతాలో డబ్బు తరిగేది.

ఈ భారం సాంకేతికత వల్ల వచ్చింది కాదు, లైసెన్సు వల్ల వచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తంతి వ్యవస్థపై సర్వహక్కులూ ప్రభుత్వానికే ఇచ్చింది. 1994 జాతీయ టెలికాం విధానంతో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచినప్పుడు, టెలికాం శాఖ పరిపాలన కోసం ఇంచుమించు రాష్ట్రానికొకటిగా ఏర్పరచుకున్న సర్కిళ్లనే లైసెన్సు హద్దులుగా తీసుకున్నారు. ఆ హద్దు దాటిన ఫోనుకు పడేదే రోమింగ్ రుసుము. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు చేరాయి కనుక అక్కడి తెలుగువారు ఒడిశా సర్కిల్‌లో పడ్డారు. సిరొంచ, ధర్మాబాద్ వారు మహారాష్ట్ర సర్కిల్‌లో పడ్డారు. 2014లో తెలంగాణ వేరుపడినా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ మాత్రం చీలలేదు. ఇచ్ఛాపురం సిమ్‌కు ఎక్కడో ఉన్న ఆదిలాబాద్ సొంత సర్కిల్, కూతవేటు దూరంలోని బరంపురం పరాయి సర్కిల్. ఏ వ్యాపారీ తన గిరాకీని ఇలా విడదీసుకోడు.

తొలి కంపెనీలు లైసెన్సుల వేలంలో భారీ మొత్తాలు పాడి, కట్టలేక చతికిలబడ్డాయి. 1999 విధానం స్థిర రుసుము స్థానంలో ఆదాయంలో వాటా పద్ధతిని తెచ్చింది. ఆ తరువాత పోటీదారులు పెరిగారు, కాల్ ధర పడిపోయింది, 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయింది. సర్కిల్ లోపల పోటీ ఇంత చేసినా రోమింగ్ గోడ మాత్రం నిలిచే ఉంది. ఇన్‌కమింగ్ రోమింగ్‌కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జూలైలో నిమిషానికి 75 పైసలు, 2015 మేలో 45 పైసలు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. చివరి దెబ్బ కొట్టినది కొత్తగా వచ్చిన పోటీదారే: 2016 సెప్టెంబరులో దేశమంతటా ఒకేసారి సేవలు మొదలుపెట్టిన జియో రోమింగ్ రుసుమే లేదన్నది. 2017లో పాత కంపెనీలూ అదే దారి పట్టాయి. ధరకు పరిమితి పెట్టడం కంటే కొత్తవారికి దారి విడవడమే వినియోగదారుకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

అయితే ఒడిశాలోని మల్కనగిరి, మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవుల్లోకి పోటీ తనంతట తాను నడిచి రాలేదు. జనం పలుచగా ఉన్నచోట టవరు ఖర్చు రాబడితో తీరదు. కంపెనీల ఆదాయంలో కొంత శాతం వసూలుచేసి 2002 నుంచి నడిపిన సార్వత్రిక సేవా నిధే అక్కడ టవర్లకు డబ్బు పెట్టింది. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. మార్కెట్‌ను కోరేవారు ఈ నిధిని తప్పుపట్టనక్కరలేదు. ఎవరి నుంచి ఎంత తీసుకుని ఎక్కడ ఖర్చు పెడుతున్నారో అందులో లెక్క కనిపిస్తుంది. సర్కిల్ గీత చాటున సరిహద్దు తెలుగువారు ఏళ్ల తరబడి కట్టిన రుసుముకు ఆపాటి లెక్క కూడా లేదు.