గుడారంలో కంటి ఆపరేషన్లు ఎందుకు ఆగిపోయాయి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు లయన్స్ క్లబ్బో రోటరీ క్లబ్బో కంటి శిబిరం పెడితే పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇదివరకు ఇక్కడే కోసి కట్టు కట్టేవారు కదా, ఇప్పుడు బస్సెక్కించి ఎక్కడికో తీసుకుపోవడం దేనికి?" క్లబ్బువాళ్లు ఖర్చు తగ్గించుకుంటున్నారని గొణిగేవారూ ఉన్నారు. అసలు సంగతి వేరు.

అమెరికాలో 1917లో పుట్టిన లయన్స్ సంస్థ కంటి పనిలోకి దిగడానికి కారణం హెలెన్ కెల్లర్. 1925లో ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభకు వచ్చి, చూపులేనివాళ్ల పక్షాన నిలబడండని ఆవిడ అడిగారు. మన దేశంలో మొదటి లయన్స్ క్లబ్బు 1956లో వచ్చింది. రోటరీ 1920లోనే కలకత్తాకు వచ్చినా, మామూలు జనానికి దాని పేరు తెలిసింది పోలియో చుక్కల వల్లే.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో శిబిరం అవసరం ఇంకాస్త ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. బంధుత్వాలు, సంతలు మాత్రం విడిపోలేదు. పెద్ద వైద్యం కావాలంటే అప్పటికి విశాఖపట్నమే దిక్కు. బరంపురంలో మెడికల్ కాలేజీ 1962లో గానీ రాలేదు. గుణుపూర్ మనిషి విశాఖ వెళ్లాలంటే నౌపడ దాకా చిన్న రైలు, అక్కడ దిగి పెద్ద లైను పట్టుకోవాలి. ఆ చిన్న రైలు 2004 వరకు నడిచింది. చూపు ఆనని ముసలామెకు తోడుగా ఇంట్లో ఒకరు కూలి మానుకుని కదలాలి. అందుకే రోగి డాక్టరు దగ్గరికి పోవడం కంటే డాక్టరే ఊరికి రావడం తేలికనిపించింది.

ఆ రోజుల్లో శిబిరమంటే ఊరంతటి పని. పంట కోతలయ్యాక చలికాలంలో ఏ స్కూలో సత్రమో ఖాళీ చేయించి, ఒక గదిని ఆపరేషన్ థియేటరుగా మార్చేవారు. తెలుగు వర్తకులు బియ్యం, పప్పు ఇచ్చేవారు. కుర్రాళ్లు రోగులను నడిపించేవారు. కంటికి కట్టుతో రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి. అప్పటి పద్ధతిలో శుక్లం పట్టిన కటకాన్ని, అంటే కంట్లోని సహజ లెన్సును, మొత్తంగా తీసేసేవారు, దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కాదు. అందుకే ఆ సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటిలోంచి ఎదురుగా ఉన్నది పెద్దదిగా కనిపిస్తుంది, పక్కలు ఆనవు. అద్దం పగిలిందా, మళ్లీ చీకటే. శుక్లం బాగా ముదిరాకే కోయాలన్న మాట కూడా ఆ కాలానిదే. ఇప్పటికీ కొందరు "ఇంకా ముదరలేదు బాబూ" అంటూ ఏళ్లు గడిపేస్తారు. ఎండాకాలం కోయించుకుంటే పుండు మానదన్న భయమూ అలాంటిదే.

అంధత్వ నివారణకు కేంద్రం 1976లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అసలు మలుపు 1994లో వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో 1.1 కోట్ల శుక్లాల ఆపరేషన్లు లక్ష్యంగా పెద్ద పథకం మొదలైంది. ఆ ఏడింటిలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర ఉన్నాయి. దాంతోపాటు కంట్లోనే కృత్రిమ లెన్సు వేసే పద్ధతి పల్లెలకూ చేరింది. లెన్సు వేయాలంటే మైక్రోస్కోపు, దుమ్ము చొరబడని గది, సరిగ్గా శుద్ధి చేసిన పరికరాలు కావాలి. స్కూలు గదిలో అవి కుదరవు. పైగా శిబిరంలో ఒకే రోజు పదులకొద్దీ ఆపరేషన్లు జరుగుతాయి. కన్ను కడిగే మందు ఒక్కటి కలుషితమైతే ఆ వరసలో ఉన్న అందరికీ ముప్పే. 2014 చివర్లో పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ జిల్లాలో ఒక శిబిరం తర్వాత పలువురికి ఆపరేషన్ చేసిన కంటి చూపు పోయింది. శిబిరంలో పరీక్షలు మాత్రమే చేసి, ఆపరేషన్ ఆస్పత్రిలోనే చేయాలన్న నియమానికి కారణం ఇలాంటి ముప్పే. అది సరైన నియమమేనని నా అభిప్రాయం, ఊళ్లో సందడి తగ్గినా సరే.

ఆస్పత్రులూ దగ్గరయ్యాయి. రాయగడలో ఎల్.వి.ప్రసాద్ సంస్థ కంటి ఆస్పత్రి ఉంది. అందువల్ల క్లబ్బు పని ఇప్పుడు మనుషుల్ని వెతకడం, బస్సు మాట్లాడటం, భోజనం, మళ్లీ ఇంటి దగ్గర దింపడం. ఇందులో ఫొటోలు దిగే సందర్భాలు తక్కువ, అందుకే కొన్నిచోట్ల బ్యానరు పెద్దదిగా, బస్సు చిన్నదిగా కనిపిస్తుంది. నిజంగా పని చేసేవాళ్లెవరో కాగితాల దగ్గర తెలిసిపోతుంది. ఒడిశా ఆస్పత్రుల్లో కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మన మామ్మలకు ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. "మామ్మగారూ, ఈ చుక్కలు పూటపూటా వేసుకోవాలి, తలస్నానం వద్దు, వంగి బరువులెత్తకండి" అని పక్కన కూర్చుని తెలుగులో చెప్పే మనిషి లేకపోతే ఆపరేషన్ బాగా జరిగినా కన్ను చెడొచ్చు.

రెండో కన్ను సంగతి మరీ అన్యాయం. ఒక కంటికి చూపు రాగానే "నాకిది చాలులే" అంటారు ఆడవాళ్లు, ఇంట్లోవాళ్లూ సరేనంటారు. శిబిరానికి ఎందరొచ్చారో క్లబ్బు రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. రెండో కంటికి మళ్లీ వచ్చినవాళ్లెందరో రాసుకునే గడి చాలా రిజిస్టర్లలో ఉండదు.