చివరి లైనుకి అతుక్కుపోయిన చీటీ

బిల్లులో మూడు వస్తువులు. ధరలు 100, 200, 300. మీద 10 శాతం తగ్గింపు. అంటే 90, 180, 270 రావాలి, మొత్తం 540. స్క్రీన్ మీద మాత్రం 90, 180, 180 అని వచ్చి, కింద మొత్తం 450 అని పడింది. ఆ కోడ్ నేనే రాశాను, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, చాలా ఏళ్ల కిందట. టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదంటే, బద్ధకించి మూడింటికీ ఒకే ధర వేసి చూశాను, అలా వేస్తే ఈ తప్పు జన్మలో కనబడదు. షాపాయన ఫోన్ చేసి "బాబూ, ప్రతి బిల్లులో ఆఖరి సరుకు ధర తేడా కొడుతోంది" అన్నాక గానీ తెలీలేదు.

సంగతి అర్థం కావాలంటే ముందు పీహెచ్‌పీలో అర్రే అంటే ఏంటో చూడాలి. సీ భాషలో అర్రే అంటే ఒకే సైజు గళ్లు వరసగా ఉన్నట్టు. పీహెచ్‌పీ అర్రే అలా కాదు, అది పెళ్లిలో చదివింపుల పుస్తకం. ఎవరు ముందొస్తే వాళ్ల పేరు ముందు, పక్కన మొత్తం. వెనకాల పేర్లను బట్టి లైను వెతుక్కునే ఒక పట్టిక కూడా ఉంటుంది, అందుకే ఎంత పెద్ద పుస్తకమైనా ఫలానా పేరు ఎదురుగా ఎంతుందో చటుక్కున దొరుకుతుంది. పేరు బదులు 0, 1, 2 అని అంకెలున్నా సరే, పీహెచ్‌పీ దృష్టిలో అవీ పేర్లే. ఉన్న పేరు పక్కన మొత్తం దిద్దితే ఆ లైను కదలదు, అక్కడే ఉంటుంది.

అంకెలు కూడా పేర్లే అన్న మాట మర్చిపోతే దెబ్బ తింటాం. మూడు లైన్లున్న అర్రేలో 1 అన్నదాన్ని అన్‌సెట్‌తో కొట్టేస్తే 0, 2 మిగులుతాయి, 2 వచ్చి 1 అవ్వదు. కౌంట్, అంటే ఎన్ని లైన్లున్నాయో, అడిగితే 2 అంటుంది. ఇప్పుడు అంకెలు లెక్కపెట్టుకుంటూ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే మామూలు ఫర్ లూప్‌తో సున్నా నుంచి కౌంట్‌కి ఒకటి తక్కువ దాకా తిరిగితే, లేని 1 దగ్గర వార్నింగ్ తిని, ఉన్న 2 ని వదిలేసి వచ్చేస్తాం. కొత్తది చేరిస్తే దానికి 3 అని పేరు పడుతుంది. అంకెలు మళ్లీ వరసగా కావాలంటే అర్రే వాల్యూస్‌తో కొత్త పుస్తకం రాయించుకోవాల్సిందే.

ఫర్‌ఈచ్ అనే ఇంకో రకం లూప్‌తో ఈ గొడవ లేదు, ఉన్న లైన్లే పైనుంచి కిందకి చదువుతుంది. ఇది 2000లో పీహెచ్‌పీ 4తో వచ్చింది. అంతకుముందు ఈచ్ అనే ఫంక్షన్‌తో నెట్టుకొచ్చేవాళ్లు: పుస్తకం మీద ఒక వేలు పెట్టినట్టు, అడిగినప్పుడల్లా వేలున్న లైను చదివి ఒక లైను కిందకి జరుగుతుంది. రెండోసారి చదవాలంటే రీసెట్ అని వేలిని పైకి తేవాలి, మర్చిపోతే లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ఎర్రరూ రాదు. 2020లో పీహెచ్‌పీ 8 వచ్చాక ఈచ్‌ని పూర్తిగా తీసేశారు. నాకేం బాధ లేదు.

ఇక నా బిల్లు. ఫర్‌ఈచ్ మామూలుగా ఒక్కో లైనులోని మొత్తాన్ని ఒక చీటీ మీద రాసి మన చేతికిస్తుంది. ఆ చీటీ మీద ఏం దిద్దినా పుస్తకంలో మారదు. నేను పుస్తకంలోనే ధరలు తగ్గించాలనుకుని, ధర అన్న వేరియబుల్ (ఆ చీటీకి నేను పెట్టిన పేరు) ముందు అండ్ గుర్తు (&) పెట్టాను. దాన్నే రిఫరెన్స్ అంటారు. అప్పుడు చీటీని లైనుకి అతికించినట్టే, చీటీ మీద రాసిందల్లా పుస్తకంలో పడుతుంది. మొదటి లూప్ అయ్యేసరికి పుస్తకంలో 90, 180, 270, అంతా బాగానే ఉంది. కానీ లూప్ అయిపోయినా చీటీ మూడో లైనుకి అతుక్కునే ఉంది, పీహెచ్‌పీ దాన్ని తనంతట తాను ఊడదీయదు.

కింద బిల్లు చూపించడానికి రెండో ఫర్‌ఈచ్ రాశాను, ఈసారి అండ్ గుర్తు లేకుండా, అదే ధర పేరుతో. మొదటి లైనులోని 90ని చీటీ మీద రాసింది. చీటీ ఉన్నది మూడో లైను మీద కాబట్టి పుస్తకం 90, 180, 90 అయింది. తర్వాత 180 రాసింది, పుస్తకం 90, 180, 180. ఇక మూడో లైను చదవబోతే అక్కడ 270 ఎక్కడిది? ఉన్నది 180, అదే చూపించింది. పీహెచ్‌పీ మాన్యువల్‌లో దీని గురించి హెచ్చరిక ఉంది, మనం మాన్యువల్ ఎప్పుడు చదువుతామో మీకూ తెలుసు.

మందు ఒక్క లైను: మొదటి లూప్ అవగానే ధరని అన్‌సెట్ చేయడం. అది చీటీని ఊడదీస్తుందంతే, పుస్తకంలో 270 అలాగే ఉంటుంది. ఆ లైను పెట్టాను, బిల్లు 540 చూపించింది. కొన్ని నెలలకి మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఆ కోడ్ చూసి, "అన్నా, ఇక్కడ ఆఖరి ధర డిలీట్ అయిపోతోంది, తీసేశాను" అన్నాడు.