షుగరుతో మారథాన్: అపోహలు - వాస్తవాలు

నేను డయాబెటిస్ డాక్టర్ని. పరుగెత్తుతాను కూడా, కాకపోతే ఫినిష్ లైన్ దగ్గర బల్లలు సర్దేస్తుంటే చేరుకునే రకం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పరుగు పిచ్చి ఉన్న పేషెంట్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఇన్సులిన్ లేనిదే గడవని టైప్ 1 వాళ్లూ, మాత్రలతో నెట్టుకొస్తున్న టైప్ 2 వాళ్లూ, ఇద్దరూ వస్తారు. వాళ్లు అడిగేవీ, ఇంట్లోవాళ్లూ తోటి రన్నర్లూ వాళ్ల చెవిలో వేసి పంపేవీ కొన్ని ఇక్కడ రాస్తున్నాను. షుగరు అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల లెక్క. మందుల మోతాదుల గురించి నేను చెప్పేది మీ డాక్టరు ముందు పెట్టి మాట్లాడుకోవడానికే. ఇది చదివి మీ అంతట మీరు మార్చుకోవద్దు.

అపోహ: షుగరు ఉన్నవాళ్లకి నడక చాలు, మారథాన్లు వాళ్ల వల్ల కాదు.

వసీం అక్రమ్‌కి 1997లో డయాబెటిస్ బయటపడింది. ఆ తర్వాత కూడా ఫాస్ట్ బౌలింగ్ మానలేదు, 2003 ప్రపంచ కప్‌లో వన్డేల్లో 500 వికెట్ల మార్కు దాటాడు. పడవ పందేల స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కి కూడా 1997లోనే షుగరని తేలింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆయన ఐదో బంగారు పతకం గెలిచాడు. 42.195 కిలోమీటర్లు షుగరు ఉన్న కాళ్లకి అందని దూరమేమీ కాదు.

అలాగని నేను ఎవర్నీ ఆపలేదని కాదు. కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి, రక్తస్రావమయ్యే ప్రమాదం ఉన్నవాళ్లకి ముందు చికిత్స, ఆ తర్వాతే పరుగు. పాదానికి మానని పుండు ఉన్నా అంతే. చాలా ఏళ్లుగా షుగరుండి, ఇప్పుడే పరుగు మొదలుపెడదామనుకునేవాళ్లు ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు: గత 24 గంటల్లో షుగరు బాగా పడిపోయి ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చిందంటే ఆ రోజు పరుగు లేదు. ఒకసారి అలా పడిపోతే, మర్నాడు పడిపోయేటప్పుడు ఒళ్లు ఇచ్చే హెచ్చరిక సగానికి సగం మూగబోతుంది.

అపోహ: పరుగెత్తితే షుగరు తగ్గుతుంది. ఎంత పరుగెత్తితే అంత తగ్గుతుంది.

నా దగ్గర ఎక్కువ సమయం తినేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ముందు ఒక చిన్న లెక్క. ఒంట్లో ఉండే రక్తం సుమారు ఐదు లీటర్లు. షుగరు 100 ఉందంటే ఆ ఐదు లీటర్లలోనూ కలిపి ఉన్న గ్లూకోజు ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను. గంటల తరబడి పరుగెత్తే కండరాలకి ఆ టీస్పూను ఏ మూలకి? కండరం తన సొంత నిల్వ వాడుకుంటూ, రక్తంలోంచి లాగేస్తూ ఉంటుంది. కాలేయం అదే వేగంతో రక్తంలోకి పోస్తూ ఉంటుంది. ఆ టీస్పూను ఖాళీ కాకుండా, పొంగకుండా చూడటమే పనంతా.

షుగరు లేని మనిషిలో ఇది ఎలా కుదురుతుందంటే, పరుగు మొదలవగానే క్లోమం ఇన్సులిన్ తగ్గించేస్తుంది. కదులుతున్న కండరం ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజుకి తలుపు తీయగలదు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఇన్సులిన్ తగ్గిందని తెలిసి కాలేయం ధారాళంగా పోస్తుంది. సూదితో వేసుకున్న ఇన్సులిన్ సంగతి వేరు. ఒకసారి లోపలికి వెళ్లాక దాన్ని వెనక్కి రమ్మనలేం. పైగా ఒళ్లు వేడెక్కి రక్తప్రసరణ పెరిగేసరికి అది ఇంకా త్వరగా పీల్చుకుంటుంది, తొడకి వేసుకుని పరుగెత్తితే మరీనూ. కండరం లాగుతోంది, ఇన్సులిన్ కూడా లాగుతోంది, పొయ్యాల్సిన కాలేయాన్ని అదే ఇన్సులిన్ పోయనివ్వడం లేదు. షుగరు పడిపోయేది ఇలా.

అందుకే నా దగ్గరికొచ్చిన రన్నర్ని "షుగరు ఎంత ఉంది" అని అడిగే ముందు "ఆఖరిసారి ఇన్సులిన్ ఎప్పుడు వేసుకున్నారు, ఎంత వేసుకున్నారు" అని అడుగుతాను. గంట కిందట పెద్ద డోసు వేసుకుని 160తో బయల్దేరినవాళ్ల కంటే, ఐదు గంటలుగా సూది ముట్టకుండా 120తో బయల్దేరినవాళ్ల గురించి నాకు దిగులు తక్కువ.

ఇక షుగరు పెరిగే వైపు కూడా చూడాలి. పోటీ రోజు స్టార్ట్ లైన్ దగ్గర గుండె దడదడలాడుతుంటే, అడ్రినలిన్ కాలేయాన్ని తెగ తొందరపెడుతుంది. స్ప్రింట్లు, ఎత్తెక్కడాలు కూడా అదే పని చేస్తాయి. నా పేషెంట్ ఒకాయనకి ట్రెయినింగ్‌లో 20 కిలోమీటర్లు పరుగెత్తితే షుగరు ప్రతిసారీ దిగేది. పోటీ రోజు మొదటి ఐదు కిలోమీటర్లకే 260కి ఎక్కింది. కంగారుపడి, మామూలు రోజు వేసుకునే డోసే అక్కడే వేసుకున్నాడు. ఉద్వేగం చల్లారాక ఆ ఇన్సులిన్ పని మొదలుపెట్టింది. పదిహేనో కిలోమీటరు దగ్గర అతన్ని పేవ్‌మెంట్ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. అదే కాళ్లు, అదే దూరం. మారింది రోజు ఒక్కటే.

అపోహ: షుగరు బాగా ఎక్కువుంటే పరుగెత్తి దించేయొచ్చు.

ఎందుకు ఎక్కువుందో తెలియాలి. ఇప్పుడే ఏదో తిని 200 ఉందంటే పరవాలేదు, నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు. కారణం తెలియకుండా 270 దాటిందంటే మాత్రం ముందు కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటే పుట్టే ఆమ్లాలు) చూసుకోవాలి. రక్తంలో కీటోన్లు లీటరుకు 1.5 మిల్లీమోల్స్, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే బూట్లు విప్పేయండి. ఒంట్లో ఇన్సులిన్ చాలట్లేదని దానర్థం, ఆ స్థితిలో పరుగెత్తితే షుగరు దిగడం అటుంచి ఇంకా ఎక్కుతుంది.

బయల్దేరేటప్పుడు టైప్ 1 వాళ్లకి నేను చెప్పే అంకె 126 నుంచి 180. 90 లోపు ఉంటే 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 90 దాటేదాకా ఆగాలి.

అపోహ: లో షుగర్ అయితే ఒంటికి తెలిసిపోతుంది.

ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉంటే తెలుస్తుందేమో. లో షుగర్ లక్షణాలు ఏమిటి? చెమట, గుండె దడ, వణుకు, నీరసం, చిరాకు. మారథాన్‌లో ముప్పయ్యో కిలోమీటరు లక్షణాలు ఏమిటి? అవే.

ఒకసారి ఫినిష్ లైన్ దగ్గర మెడికల్ టెంట్‌లో డ్యూటీలో ఉన్నాను. ఒకతను తనంతట తనే నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుని బూటు లేసు విప్పుకుంటున్నాడు. వేళ్లు ముడి దగ్గరికి వెళ్లడం, తప్పిపోవడం, మళ్లీ వెళ్లడం. "ఏమైనా కావాలా" అంటే నవ్వి "నాకేం కాలేదు, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. నాలుగోసారి కూడా లేసు దొరకలేదు. ఛాతీకి పెట్టుకున్న నంబరు కాగితం, అదే బిబ్, తిప్పి చూస్తే వెనకాల "టైప్ 1, ఇన్సులిన్" అని పెన్నుతో రాసి ఉంది. నర్సు వేలు పొడిచి చూస్తే 231. ఆమె మీటర్ పక్కన పెట్టేయబోతుంటే అతని చేతుల మీద నా కళ్లు పడ్డాయి. దారంతా రన్నర్లు తినే తీపి జెల్ ప్యాకెట్లు చింపిన చేతులు, వేళ్లన్నీ జిగురు. నీళ్లతో కడిగి, తుడిచి, ఇంకో వేలు పొడిస్తే 54.

వేలి మీద అంటుకున్న తీపి స్ట్రిప్ మీదికి ఎక్కితే మీటరు దాన్నే చదువుతుంది. దాని తప్పేం లేదు. నీళ్లు లేకపోతే మొదటి రక్తపు బొట్టు తుడిచేసి రెండో బొట్టు వాడండి, అది కొంత నయం. బీపీ కోసమో గుండె కోసమో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి దడ, వణుకు కూడా సరిగా తెలియవు. చెమట ఒక్కటే మిగులుతుంది, పరుగులో చెమట పట్టనిదెవరికి? కాబట్టి ఒంటిని నమ్ముకోకుండా గడియారాన్ని నమ్ముకోండి, అరగంటకోసారి చూసుకోండి.

అపోహ: ఒంటికి షుగరు కొలిచే సెన్సార్ పెట్టుకున్నాను, ఇక చూసుకోనక్కర్లేదు.

సెన్సార్ చదివేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. షుగరు నిలకడగా ఉంటే రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. పరుగులో చకచకా మారుతున్నప్పుడు సెన్సార్ కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. అది 85 చూపించి పక్కన బాణం కిందికి ఉందంటే, రక్తంలో ఇప్పటికే 70 కిందికి వెళ్లి ఉండొచ్చు. బాణాన్ని చూసి తినండి. అంకె కోసం ఎదురు చూడకండి.

అపోహ: షుగరు ఉన్నవాళ్లు జెల్స్, స్పోర్ట్స్ డ్రింకులు ముట్టకూడదు.

డాక్టర్లం మేమే ఏళ్ల తరబడి తీపి వద్దు వద్దని నూరిపోశాం, తప్పు మాదే. గంట దాటిన పరుగులో కండరానికి కార్బోహైడ్రేట్ కావాలి, షుగరున్నా లేకపోయినా. గంటకి 30 నుంచి 60 గ్రాములు మామూలుగా చెప్పే లెక్క. ఒకేసారి మింగకుండా ఇరవై నిమిషాలకి కొంత చొప్పున తీసుకుంటే షుగరు గీత ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. ప్యాకెట్ వెనక గ్రాములు చదవండి. కొత్త జెల్‌ని పోటీ రోజున మొదటిసారి విప్పకండి.

లో అయినప్పుడు మాత్రం చాక్లెట్ కాదు. అందులోని కొవ్వు తీపిని పొట్టలోనే ఆపేస్తుంది. గ్లూకోజ్ బిళ్లలో, గ్లూకోజ్ నీళ్లో 15 గ్రాములు తీసుకుని, ఆగి, 15 నిమిషాలకి మళ్లీ చూసుకోండి. ఆగడం ఎవరికీ నచ్చదు, టైమింగ్ పోతుందంటారు. పోనివ్వండి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడే టైప్ 2 వాళ్లు అరగంట పరుగుకి ఇవేవీ మోసుకెళ్లనక్కర్లేదు. బరువు తగ్గడానికి పరుగు మొదలుపెట్టి, జెల్స్‌తో ఇంకా పెరిగినవాళ్లని కూడా చూశాను.

అపోహ: నావి మాత్రలే కదా, నాకు లో షుగర్ రాదు.

ఏ మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌తో దాదాపు రాదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయిస్తాయి కాబట్టి వాటితో వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం ఇంకోటి: షుగరుని మూత్రంలోకి పంపించేస్తాయి, దాంతో నీరూ పోతుంది. వీటితో షుగరు అంకె మామూలుగా ఉండగానే కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు, గంటల తరబడి కష్టపడి సరిగా తినని రోజున మరీనూ. దూరపు పరుగు ముందు వీటిని ఆపాలా, ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది డాక్టర్ని తప్పకుండా అడగండి. వాంతులు, ఆయాసం ఉంటే అంకె బాగుందని ఊరుకోకండి.

అపోహ: పరుగు రోజు ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే సేఫ్.

తగ్గించడం వేరు, మానడం వేరు. టైప్ 1లో బేసల్ ఇన్సులిన్, అంటే భోజనంతో సంబంధం లేకుండా రోజంతా ఒంట్లో ఉండాల్సినది, బొత్తిగా లేకపోతే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. పరుగుకి ముందు తినే భోజనం డోసులో నాలుగో వంతు నుంచి మూడు వంతుల దాకా కోత పడుతుంది, ఎంతన్నది వేగాన్నీ దూరాన్నీ బట్టి. ఇన్సులిన్ పంపు వాడేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: స్టార్ట్ లైన్ దగ్గర నిలబడి బేసల్ తగ్గిస్తారు. అప్పటికే ఒంట్లో ఉన్నది పని చేస్తూనే ఉంటుంది కదా, గంట, గంటన్నర ముందే తగ్గించుకోవాలి. ఇన్సులిన్ పెన్ను ఒంటికి ఆనించి కట్టుకుని ఎండలో పరుగెత్తితే మందు చెడిపోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

అపోహ: మంచి బూట్లు కొన్నాను, పాదాల గొడవ లేదు.

నరాలు మొద్దుబారిన పాదానికి బొబ్బ పుట్టినా తెలియదు. ఇంటికొచ్చాక సాక్సు విప్పి, దాని లోపలి వైపు చూడండి. తెల్ల సాక్సు వేసుకోమని నేను చెప్పేది అందుకే, రక్తం మరక అయినా, చీము మరక అయినా ఇట్టే పట్టిస్తుంది. అరికాలు చూసుకోవడానికి అద్దం వాడండి.

అపోహ: ఫినిష్ లైన్ దాటాక పని అయిపోయింది.

ఖాళీ అయిన కండరాలు ఆ రోజంతా, ఒక్కోసారి మర్నాడు కూడా గ్లూకోజుని లాక్కుని నింపుకుంటూనే ఉంటాయి. షుగరు పడిపోయేది చాలాసార్లు అర్ధరాత్రి దాటాక, మంచి నిద్రలో. అందుకని ఆ రాత్రి బేసల్ ఇన్సులిన్ ఓ 20 శాతం తగ్గించమని చెప్తుంటాం. పరుగు పూర్తవగానే షుగరు ఎక్కువ కనిపిస్తే మామూలు డోసు వేసేయకండి, సగం చాలు, లేదా కాసేపు ఆగండి. సెలబ్రేషన్ పేరుతో మద్యం తాగారో, కాలేయం కొత్త గ్లూకోజు తయారు చేయడం తగ్గించేస్తుంది. అవసరమొస్తే గ్లూకగాన్ సూది ఉందిగా అంటారు కొందరు. అది కాలేయంలోని నిల్వని బయటికి తీసే మందు. నిల్వంతా దారిలోనే అయిపోయాక తీయడానికి ఏముంటుంది?

నా పేషెంట్లకి ఆ రాత్రికి రెండు అలారాలు పెట్టుకోమంటాను, ఒంటిగంటకి ఒకటి, మూడున్నరకి ఒకటి. గ్లూకోజ్ బిళ్లలు అలమరలో కాదు, దిండు పక్కనే, మూత ముందే వదులు చేసి పెట్టుకోమంటాను. వణికే వేళ్లతో కొత్త సీసా మూత తిప్పడం ఎంత కష్టమో మూతలు చేసేవాళ్లకి తెలియదు.