ఏం చేయాలో తెలిసీ చేయలేనప్పుడు

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. కడుపు మండిన బంధువులు ఐసీయూలోకి దూసుకురావడంతో నర్సులు, డాక్టర్లు ప్రాణభయంతో బయటికి పరుగెత్తారు. పోలీసులు వచ్చాక మళ్లీ అదే వార్డులోకి వెళ్లారు. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల దుఃఖానికి కొలత లేదు. ఆ రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు మర్నాడు నిద్ర పట్టిందా అని మాత్రం మనలో ఎవరూ అడిగినట్టు లేదు.

కరోనా కాలంలో ఆస్పత్రి సిబ్బంది టెన్షన్ అంటే వైరస్ సోకుతుందన్న భయమే అనుకుంటాం. అదీ ఉంది. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, పిల్లలు ఉంటే ఆ భయం ఇంకా ఎక్కువ. కానీ భయం కన్నా లోతుగా దిగేది ఇంకొకటుంది. ఏం చేస్తే మనిషి బతుకుతాడో తెలుసు, చేయడానికి బెడ్ లేదు, ఆక్సిజన్ లేదు. ఈ స్థితి మిగిల్చే గాయాన్ని ‘మోరల్ ఇంజురీ’ అంటారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన అమెరికా మానసిక వైద్యుడు జోనాథన్ షే ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. అలసటైతే సెలవు పెడితే కొంత తగ్గుతుంది. ఇది అలా తగ్గదు. ‘నా చేతుల్లోనే పోయాడు’ అన్న మాట లోపల తిరుగుతూనే ఉంటుంది.

పీపీఈ కిట్‌లో ఆరు గంటలు ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని చాలామంది నీళ్లే తాగేవారు కాదు. ముఖం కనబడదు కాబట్టి గౌను మీద మార్కర్‌తో పేరు రాసుకునేవారు. చివరి ఘడియల్లో ఉన్న పేషెంట్ ముందు నర్సు ఫోన్ పట్టుకుని నిలబడితే, అవతల వీడియో కాల్‌లో కుటుంబం ఏడుస్తుండేది. ఆ నర్సు అక్కణ్ణుంచి పక్క బెడ్‌కి వెళ్లి సెలైన్ మార్చాలి.

2020 మొదట్లో చైనాలో 34 ఆస్పత్రుల్లో 1,257 మంది వైద్య సిబ్బందిని ప్రశ్నించారు. సగం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 44.6 శాతం మందిలో ఆందోళన, 34 శాతం మందిలో నిద్రలేమి కనిపించాయి. ఇవి ప్రశ్నావళిలో తేలిన లక్షణాలు, అందరికీ జబ్బు ఉందని కాదు. నర్సుల్లో, మహిళల్లో, వూహాన్‌లో, నేరుగా రోగుల్ని చూసుకున్నవాళ్లలో తీవ్రత ఎక్కువ.

2003లో సార్స్ (కరోనా జాతి వైరస్ వల్లే వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చిన కెనడా నగరం టొరంటోలో, ఏడాది, రెండేళ్లు గడిచాక కూడా ఆ రోగులకు సేవ చేసిన ఆస్పత్రుల సిబ్బందిలో మానసిక బాధ మిగతా ఆస్పత్రుల కన్నా ఎక్కువగా ఉంది. నాకు ఆశ కలిగించేది ఇంకో సంగతి. తమకు శిక్షణ, రక్షణ, అండ సరిగ్గా అందాయని చెప్పినవాళ్లలో ఆ బాధ తక్కువ. అంటే సమస్య సిబ్బంది గుండె ధైర్యం దగ్గర లేదు, వాళ్లకు అందే అండ దగ్గర ఉంది. మనం 2020 మార్చి 22న చప్పట్లు కొట్టాం. నెల తిరిగేసరికి సిబ్బందిపై దాడులకు ఏడేళ్ల దాకా జైలు అంటూ కేంద్రం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

చైనాలో ప్రశ్నించిన ఆ 1,257 మందిలో 493 మంది డాక్టర్లు, 764 మంది నర్సులు. వార్డులు కడిగినవాళ్లు, స్ట్రెచర్లు తోసినవాళ్లు, మార్చురీలో బ్యాగులకు జిప్ వేసినవాళ్లు ఆ లెక్కలో లేరు.