కంప్యూటర్ కేసుల్లో ఫుల్ స్కోరు వస్తే వార్డుకి రెడీ అయినట్టేనా?

మెడికల్ స్టూడెంట్ల కొత్త బ్యాచ్ క్లినికల్స్‌కి, అంటే వార్డులో శిక్షణకి వచ్చిన ప్రతిసారీ ఇవే మాటలు. సీనియర్ ఎవరో ఏదో అంటాడు, సాయంత్రానికి అది గ్రూపులన్నీ తిరిగేస్తుంది.

అపోహ: వర్చువల్ పేషెంట్ కేసులన్నీ (కంప్యూటర్‌లో పేషెంట్‌ని ప్రశ్నలడిగి జబ్బు కనుక్కునే సాధన) మంచి స్కోరుతో పూర్తిచేస్తే చాలు.

చాలదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చాలా ప్రోగ్రాముల్లో అడగాల్సిన ప్రశ్నలు మెనూలో కనబడుతూనే ఉంటాయి, చూసి నొక్కడమే. బెడ్ దగ్గర మెనూ ఉండదు. ఏం అడగాలో, ఏది ముందు అడగాలో మీకే తట్టాలి.

కేసుల్లో ఎప్పుడూ ముందుండే ఒకమ్మాయిని ఓసారి ఆయాసంతో వచ్చిన పెద్దాయన దగ్గరికి పంపాను. ఆయన రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. ఈ అమ్మాయి ఆకలి, నిద్ర, చిన్నప్పటి జబ్బులు అంటూ వరస తప్పకుండా అడుగుతూనే ఉంది. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూడాలని తెలియక కాదు. స్క్రీన్ మీద పేషెంట్ ఎంతసేపైనా ఓపిగ్గా కూర్చుంటాడు, ఆ అలవాటే వచ్చేసింది. నర్సు వచ్చి ఆక్సిజన్ మాస్క్ పెట్టాక గానీ ఆగలేదు. తర్వాత బయట నిలబడి ఏడ్చింది. చాలా తెలివైన పిల్ల, పాపం.

కాబట్టి మెనూ తెరవకముందే, కంప్లయింట్ చదవగానే మీకు తట్టిన మూడు డయాగ్నసిస్‌లు కాగితం మీద రాయండి. ఒక్కో ప్రశ్న వాటిలో దేన్ని కొట్టేయడానికో చెప్పగలగాలి. కేసు అయ్యాక టీచర్‌తో కూర్చుని డీబ్రీఫింగ్ చేయించుకోండి, అంటే ఏది బాగా చేశారో, ఎక్కడ తప్పారో మాట్లాడుకోవడం. ‘టైమ్ లేదు’ అంటే వదలొద్దు. సిమ్యులేషన్ శిక్షణపై 2005లో ఇసెన్‌బర్గ్ బృందం చేసిన సమీక్షలో నేర్చుకోవడానికి తోడ్పడేవాటిలో మొదట నిలిచింది ఫీడ్‌బ్యాకే. వీలైతే అదే వారంలో అలాంటి పేషెంట్‌ని వార్డులో చూడండి.

అపోహ: అయితే సిమ్యులేటర్లే దండగ.

ఇదింకో విడ్డూరం. 2002లో వచ్చిన ఒక ట్రయల్‌లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్ మీద సాధన చేసిన సర్జరీ రెసిడెంట్లు, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లు, ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో) గాల్‌బ్లాడర్ విడదీసే పనిని 29 శాతం వేగంగా, చాలా తక్కువ తప్పులతో చేశారు. 16 మందితో చేసిన చిన్న ట్రయలే అనుకోండి. కానీ వాళ్ళని కొన్ని గంటలు ఆడించి వదిలేయలేదు. అనుభవమున్న సర్జన్ల స్థాయి అందుకునేదాకా చేయించారు.

అపోహ: వీఆర్ హెడ్‌సెట్లు వచ్చాక మానికిన్లు (సాధనకి వాడే మనిషి బొమ్మలు) పాతబడ్డాయి.

గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో పెద్దవాళ్ళకి ఛాతీని నిమిషానికి 100-120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. ఆ బరువు చేతులకి తెలియాలంటే ఎదురుగా నొక్కడానికి ఏదో ఒకటి ఉండాలి. సెన్సర్ ఉన్న మామూలు మానికిన్ చాలు.

అపోహ: ల్యాబ్‌లో చేసిన ప్రతి తప్పూ మార్కుల్లో పడుతుంది.

ప్రాక్టీస్ సెషన్ వేరు, అసెస్‌మెంట్ వేరు. ఈరోజుది ఏదో మొదట్లోనే అడిగేయండి. ప్రాక్టీస్ అయితే తప్పు డోసు చెప్పినా అక్కడే బయటపడనివ్వండి, నోరు మూసుకుని పక్కవాడి వెనక నిలబడొద్దు.

ఇక కంప్యూటర్ అంతగా అలవాటు లేదని టెన్షన్ పడేవాళ్ళు మొదటి సెషన్‌కి ముందే ల్యాబ్ టెక్నీషియన్‌ని ఒక డెమో కేసు అడగండి, లాగిన్ దగ్గర్నుంచి చూపిస్తారు.