ఒక డిగ్రీ మెలిక

దోమతెర ఒక మడత మీద ఇంకో మడత పడినప్పుడు గమనించారా? గుడ్డలో ఎక్కడా లేని పెద్ద పెద్ద అలలు కళ్ల ముందు తేలతాయి. పై మడతను పిసరంత కదిపితే చాలు, ఆ అలలు జానెడు దూరం జరుగుతాయి. వీటికి మ్వారే నమూనాలని పేరు.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో స్పెయిన్ భౌతిక శాస్త్రవేత్త పాబ్లో హరీయో-ఎర్రేరో ఇదే పని గ్రాఫీన్‌తో చేశారు. కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా అల్లుకుని, ఒకే ఒక్క పరమాణువు మందాన ఉండే పొర గ్రాఫీన్. ఇందులో ఎలక్ట్రాన్లు సెకనుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతాయి. అంత పరుగులో పక్కనున్న ఎలక్ట్రాన్‌ను పట్టించుకునే తీరికెక్కడిది?

పరుగు తగ్గిస్తే? రెండు పొరల మధ్య సుమారు 1.1 డిగ్రీల మెలిక ఉంటే ఎలక్ట్రాన్ల వేగం దాదాపు సున్నాకు పడిపోతుందని భౌతిక శాస్త్రవేత్తలు బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్ 2011లో లెక్కగట్టారు. దానికి ‘మాయాకోణం’ అని పేరొచ్చింది. ఆ కోణం దగ్గర మ్వారే గడి ఒక్కోటి 13 నానోమీటర్ల వెడల్పుంటుంది, దాంట్లో పదివేలకు పైగా పరమాణువులు పడతాయి.

లెక్క సరే, అంత సన్నని మెలిక తిప్పేదెలా? విడివిడిగా దొరికిన రెండు పొరలైతే ఏది ఎటు తిరిగి ఉందో తెలియదు. అందుకని ఒకే పొరలో సగం చింపి పైకెత్తి, కింద ఉన్న మిగతా సగాన్ని కాస్త తిప్పి, దాని మీద పైదాన్ని దించుతారు. రెండూ ఒకే పొరవి కాబట్టి మొదలు సున్నా డిగ్రీలే!

2018లో ఫలితం వెలువడింది. ఆ పరిశోధన పత్రానికి పరిశోధక విద్యార్థి యువాన్ త్సావో మొదటి రచయిత. సున్నాకు 271 డిగ్రీల సెల్సియస్ కింద, ఆ జంట పొరలో కరెంటు ఏ నిరోధమూ లేకుండా పారింది. అంటే అది సూపర్‌కండక్టర్ అయింది.

అంత చలిలో పనిచేసేది మనకెందుకు అంటారేమో. నాకైతే ఉష్ణోగ్రత కన్నా వోల్టేజి మీట గొప్పగా తోస్తుంది. రాగి ఆక్సైడ్ సూపర్‌కండక్టర్లలో ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చాలంటే సాధారణంగా మూలకాల పాళ్లు మార్చి మళ్లీ కొత్త స్ఫటికం తయారు చేయాల్సి వస్తుంది. ఇక్కడ వోల్టేజి మీట తిప్పితే సరి, ఎలక్ట్రాన్ల సంఖ్య మారిపోతుంది. అదే ముక్క ఒక వోల్టేజి దగ్గర విద్యుత్తును అడ్డగిస్తుంది, పక్క వోల్టేజి దగ్గర అడ్డే లేకుండా పారనిస్తుంది.

సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జతలుగా సాగుతాయి; వాటిని ఇక్కడ జతకట్టిస్తున్నదేమిటన్న వాదన ఇంకా తెగలేదు. పైగా పొర అంతటా మెలిక ఒకేలా నిలవదు. ఒకే ముక్కలో ఈ మూల ఒక కోణం, ఆ మూల ఇంకో కోణం. వేడి చేస్తే పొరలు మెలిక వదిలించుకోవాలనే చూస్తాయి.